ఇంటా వంటా లేనిదా? – ఇంటి బీరు చరిత్ర

గత సంక్రాంతినాడు అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉంటున్న మా తమ్ముడు వీడియోలో మాట్లాడుతూ, ఇంటి కింది అరలో పెట్టిన పెద్ద గాజుజాడీ ఒకటి చూపించినాడు. జాడీ నిండా తేనెరంగు ద్రవం. పైన నురగ కట్టి, మూతకు బిగించిన చిన్న గొట్టంలోనుంచి బుడబుడమని బుడగలు వస్తున్నవి. మా అమ్మ చూసి, "ఏమిట్రా అది, ఏ ఊరగాయ?" అని అడిగినది. వాడు నవ్వుతూ, "ఊరగాయ కాదమ్మా, బీరు. నేనే కాచాను" అన్నాడు. అమ్మ ముఖం నల్లబడినది. "మన ఇంటా వంటా లేని పని నీకెక్కడ అబ్బిందిరా!" అని ఫోను నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయినది. ఆ తరువాత పదిరోజులు వాడితో మాట్లాడలేదు. "నువ్వైనా అమ్మకు సర్ది చెప్పు అన్నయ్యా" అని వాడు నన్ను పట్టుకున్నాడు.

నేను తాగేవాణ్ణి కాను. తాగమని ఎవరికీ చెప్పేవాణ్ణి అంతకంటె కాను. కాని అమ్మ అన్న మాట నిజమా, ఇది ఇంటికీ వంటకూ సంబంధం లేని పనేనా అనే సందేహం మాత్రం నన్ను పట్టుకున్నది. డ్యూటీ అయిన తరువాత రాత్రులు కూర్చుని చదివి తెలుసుకున్నది మన సంఘం ఉగాది సంచిక ద్వారా సోదర సోదరీమణులకు మనవి చేసుకుంటున్నాను.

ముందుగా ఒక హెచ్చరిక. మన దేశంలో మద్యం సంగతి రాష్ట్రాల చేతిలో ఉన్నది. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం చాలా రాష్ట్రాలలో నేరం. కాబట్టి ఈ వ్యాసం చదివి ఇక్కడ ఎవరూ కుండ ఎక్కించవద్దు. చట్టం ఒప్పుకొన్న దేశాలలో ఉన్న మన పిల్లలు ఏమి చేస్తున్నారో, ఆ పని వెనుక ఎంత చరిత్ర ఉన్నదో తెలుసుకోవడానికే ఇది.

కల్లు వేరు, బీరు వేరు

మన తెలుగువారికి తెలిసిన పానీయం కల్లు. తాటికల్లు, ఈతకల్లు, ఏజెన్సీలో జీలుగుకల్లు. కల్లు తయారుకావడానికి మనిషి చేయవలసినది గీత గీసి కుండ కట్టడమే. చెట్టునుంచి దిగే నీరాలో చక్కెర ఉంటుంది. గాలిలో, కుండలో ఉన్న ఈస్ట్ అనే సూక్ష్మజీవి ఆ చక్కెరను తిని, మత్తుపదార్థాన్నీ, బొగ్గుపులుసు వాయువునూ వదులుతుంది. పొద్దున దింపిన నీరా మధ్యాహ్నానికే నురగ కడుతుంది.

బీరు ధాన్యంతో చేసేది. ధాన్యంలో ఉండేది పిండి. ఈస్ట్ పిండిని తినలేదు, చక్కెరను మాత్రమే తినగలదు. కనుక ముందు పిండిని చక్కెరగా మార్చాలి. దీనికి మానవుడు మూడు దారులు కనిపెట్టినాడు. మొదటిది నమలడం. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండలవారు మొక్కజొన్నను నమిలి ఉమిసి 'చిచా' చేసేవారు. మన లాలాజలానికి పిండిని చక్కెరగా మార్చే గుణం ఉన్నది. అన్నం ముద్ద ఎక్కువసేపు నమిలితే తియ్యగా అనిపించడం అందువల్లనే. రెండవది మొలకెత్తించడం. గింజ మొలకెత్తేటప్పుడు తనలోని పిండిని తానే చక్కెర చేసుకుంటుంది. బార్లీని నానబెట్టి, మొలకలు రాగానే ఎండబెట్టి వేపితే అదే మాల్టు. మూడవది బూజు పట్టించడం. చైనా, జపాను దేశాలలోనూ, మన తూర్పు ప్రాంతాలలోనూ అన్నానికి ఒక విధమైన బూజు తోడు వేసి ఈ పని సాధిస్తారు.

ఇందులో రెండవ దారి మన ఇళ్ళకు కొత్తదేమీ కాదు. శ్రీకాకుళం వైపు చోళ్ళను నానబెట్టి, మూట కట్టి, మొలకలు వచ్చాక ఎండబెట్టి, విసిరిన పిండిని పసిపిల్లలకు జావ కాస్తారు గదా! అది ఎందుకు పలచగా, తియ్యగా ఉంటుందో, ఎందుకు తేలికగా అరుగుతుందో అమ్మమ్మలకు తెలుసు. బీరు కాసేవాడు బార్లీతో చేసేది సరిగ్గా ఇదే. ఆ తరువాత ఈస్ట్ తోడుపడడమే తేడా.

రొట్టె కంటె ముందా?

ఇజ్రాయెలులో హైఫా పట్టణానికి దగ్గర రాకెఫెట్ అనే గుహ ఉన్నది. అక్కడి రాతి గుంటలలో అంటుకొని ఉన్న పదార్థాన్ని పరీక్షించి, సుమారు 13,000 సంవత్సరాల క్రితం అక్కడివారు ధాన్యాన్ని మొలకెత్తించి పులియబెట్టినారని 2018లో శాస్త్రవేత్తలు ప్రకటించినారు. అప్పటికి మనిషి ఇంకా వ్యవసాయం మొదలుపెట్టలేదు. చైనాలో జియాహు అనే చోట దొరికిన సుమారు 9,000 ఏళ్ళనాటి కుండలలో బియ్యం, తేనె, పండ్లు కలిపి పులియబెట్టిన పానీయం ఆనవాళ్ళు కనిపించినవి. మనిషి ధాన్యం పండించడం మొదలుపెట్టినది రొట్టె కోసమా, ఈ పానీయం కోసమా అని పండితులు నేటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

నేటి ఇరాకు ప్రాంతంలో వర్ధిల్లిన సుమేరు దేశంలో బీరుకు ఒక దేవత ఉన్నది. ఆమె పేరు నిన్‌కాసి. సుమారు 3,800 ఏళ్ళ క్రితం మట్టిపలకల మీద చెక్కిన ఆమె స్తోత్రంలో బీరు కాసే విధానమంతా వరుసగా ఉన్నది. ఆ స్తోత్రాన్ని ఆధారం చేసుకుని 1989లో అమెరికాలోని ఒక కర్మాగారంవారు బీరు కాచి చూసినారు కూడా. దేవుడు కాక దేవత అయినది ఎందుకంటే, ఆ కాలంలో బీరు కాసేది స్త్రీలు. అదే ప్రాంతాన్ని తరువాత ఏలిన హమ్మురాబి చక్రవర్తి శాసనాలలో పానశాల నడిపే స్త్రీలకు ప్రత్యేకంగా నిబంధనలున్నవి. కొలతలో మోసం చేసినదని రుజువైతే నీటిలో పడవేయాలన్నంత కఠినమైనవి. ఈజిప్టులో పిరమిడ్లు కట్టిన పనివారికి కూలి రొట్టెలుగానూ, బీరుగానూ ముట్టేది. అంటే బీరు అక్కడ విలాసం కాదు, పూటబత్తెం.

మన అర్థశాస్త్రం ఏమన్నది?

ఇదంతా పరదేశాల ముచ్చట అనుకోవద్దు. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో సురాధ్యక్షుడు అనే అధికారిని గురించి ఒక అధ్యాయమే ఉన్నది. నేటి ఎక్సైజు కమిషనరు వంటివాడన్నమాట. అందులో 'మేదకం' అనే పానీయానికి కొలతలు ఇచ్చినారు. ద్రోణం నీరు, అర ఆఢకం బియ్యం, మూడు ప్రస్థల కిణ్వం. ద్రోణమంటే నాలుగు ఆఢకాలు, ఆఢకమంటే నాలుగు ప్రస్థలు. కనుక లెక్క వేస్తే పదహారు పాళ్ళు నీరు, రెండు పాళ్ళు బియ్యం, మూడు పాళ్ళు కిణ్వం. ఇది బియ్యపు బీరు కాక మరేమిటి?

కిణ్వమంటే తోడు. పెరుగుకు తోడు వేసినట్టే దీనికీ తోడు. దానికి కావలసినవి మినుముల ముద్ద, దానికి మూడవ వంతు ఎక్కువగా బియ్యం, కొద్దిగా మూలికలు. మినుములూ బియ్యమూ! ఈ మాట చదివినప్పుడు మా వంటింట్లో రుబ్బుతున్న ఇడ్లీపిండి వైపు చూడకుండా ఉండలేకపోయినాను. మన పాఠ్యపుస్తకాలలో పులియడానికి 'కిణ్వనం' అని శాస్త్రనామం పెట్టినది ఈ మాటనుంచే. ఆ కిణ్వానికి కావలసిన వస్తువులు ఏరి తెచ్చే పని స్త్రీలకూ, పిల్లలకూ అప్పగించాలని కూడా అక్కడ ఉన్నది.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మరొకటి. రాజు అనుమతించిన చోట్ల తప్ప మరొకచోట సుర చేసినా, కొన్నా, అమ్మినా ఆరువందల పణాల జరిమానా వేయమన్న ఆ కౌటిల్యుడే, గృహస్థులు శుభకార్యాలకు తెల్లసురను, మందు కోసం అరిష్టాన్ని ఇంట్లో చేసుకోవచ్చునన్నాడు. ఉత్సవాలకూ, జాతరలకూ నాలుగు రోజులు అనుమతి ఇమ్మన్నాడు. అంటే ఇంటి కుండకూ, దుకాణానికీ తేడా ఆనాడే గుర్తించినారు. ఇంటి కుండ కార్యం కోసం, పండుగ కోసం. దుకాణం ఖజానా కోసం. ఈ తేడాను పాఠకులు మనసులో ఉంచుకోవాలని ప్రార్థన. ముందు ముందు చరిత్ర అంతా దీనిమీదనే నడిచినది.

ఇంగ్లండులో ఇల్లాలి చేతినుంచి జారిపోయినది

మధ్యయుగాల ఇంగ్లండులో పల్లెటూరి ఇల్లాలు రొట్టె కాల్చినట్టే 'ఏల్' అనే బీరు కాసేది. అది కొద్దిరోజుల్లోనే పులిసి పాడైపోయేది గనుక మళ్ళీ మళ్ళీ కాయవలసి వచ్చేది. ఇంటికి మిగిలినది పొరుగువారికి అమ్మేది. గుమ్మంముందు ఒక గెడ పాతి దానికి ఆకుల గుత్తి కడితే ఈ ఇంట్లో కొత్త ఏల్ దిగినదని గుర్తు. 1260లలో రాజు రొట్టెకూ, ఏల్‌కూ ధరలు నిర్ణయించే చట్టం తెచ్చినాడు. రుచిచూసి తనిఖీ చేయడానికి ఊరూరా ఒక ఉద్యోగి ఉండేవాడు. ఆ తనిఖీ పద్దులలో జరిమానాలు కట్టినవారి పేర్లు చూస్తే ఎక్కువ భాగం ఆడవారివే. ఆ పద్దులే నేడు చరిత్రకారులకు ఆధారాలైనవి.

తరువాత యూరపు ఖండంనుంచి హాప్స్ అనే తీగపువ్వు వచ్చినది. ఈ పువ్వు చేదుగా ఉంటుంది. బీరులో వేసి మరిగిస్తే రుచితోపాటు, చెడకుండా నిలవ ఉండే గుణం వస్తుంది. జర్మనీలో హిల్డెగార్డ్ అనే సన్యాసిని 12వ శతాబ్దంలోనే ఈ గుణాన్ని గురించి వ్రాసినది. 15వ శతాబ్దంనాటికి హాప్స్ వేసిన బీరు ఇంగ్లండులో పాతుకున్నది. నెలల తరబడి నిలవ ఉంటుంది కాబట్టి పెద్ద పెద్ద తొట్లలో కాచి దూరప్రాంతాలకు పంపవచ్చు. పెద్ద తొట్టికి పెద్ద పెట్టుబడి కావాలి. అప్పు పుట్టాలి. వర్తకసంఘంలో సభ్యత్వం కావాలి. ఈ మూడూ ఆ కాలపు ఆడదానికి దొరికేవి కావు. ఎవరూ పనిగట్టుకుని ఆమెను వెళ్ళగొట్టలేదు. ఒక చేదుపువ్వు, దాని వెనుక వచ్చిన పెట్టుబడి, ఆమె చేతిలోని గరిటెను మెల్లగా లాక్కున్నవి. మన దేశానికి తెల్లవారి బీరు వచ్చినది కూడా ఆ పువ్వు పుణ్యమే. ఆఫ్రికా చుట్టూ తిరిగి నెలల తరబడి ఓడలో వచ్చినా చెడకుండా నిలిచినది హాప్స్ దండిగా వేసిన బీరే. ఆ తరువాత 1855లో ఎడ్వర్డ్ డయ్యరు సిమ్లా దగ్గర కసౌలీలో కర్మాగారం పెట్టినాడు. దక్షిణాదిలోని చిన్న కర్మాగారాలు కొన్ని కలిసి 1915లో యునైటెడ్ బ్రూవరీస్ అయినవి.

ఇక మిగిలిన ఇంటి కుండ మీద పన్ను పడినది. 1880లో ప్రధాని గ్లాడ్‌స్టన్ మాల్టు మీది పన్ను తీసివేసి బీరు మీద సుంకం విధించినాడు. ఇంట్లో కాచుకొనేవారు కూడా లైసెన్సు తీసుకోవాలన్నాడు. ఆ కట్టడి 83 ఏళ్ళు నడిచినది. 1963లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ఆ లైసెన్సును రద్దుచేసినాడు. సొంతానికి ఎంతైనా కాచుకోండి, అమ్మవద్దు అన్నది కొత్త మాట. అదే సంవత్సరం సి. జె. జె. బెర్రీ అనే ఆయన ఇంటి బీరు మీద చిన్న పుస్తకం వేసినాడు. అది చదివి ఎందరో మొదలుపెట్టినారు.

కంటికి కనబడని వంటమనిషి

ఈ వేల సంవత్సరాలూ పని చేసినది ఈస్ట్. కాని దాని సంగతి ఎవరికీ తెలియదు. 1516లో బవేరియా ప్రభువులు బీరులో బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేమీ వేయరాదని ప్రసిద్ధమైన చట్టం చేసినారు. అందులో ఈస్ట్ పేరే లేదు. తొట్టి అడుగున మిగిలిన మడ్డిని తీసి తరువాతి కాపులో కలిపేవారు గాని, అది ప్రాణమున్నదని వారికి తెలియదు. 1680లో హాలెండు దేశస్థుడు లీవెన్‌హుక్ సూక్ష్మదర్శినిలో ఆ కణాలను చూసినాడు. పులియడం ప్రాణుల పని అని 19వ శతాబ్దంలో లూయీ పాశ్చరు నిరూపించి, 1876లో బీరు మీద ఒక గ్రంథమే వ్రాసినాడు. 1883లో డెన్మార్కులో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒకే ఒక్క కణంనుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచినాడు. నేడు మా తమ్ముడు దుకాణంలో 11 గ్రాముల పొట్లంగా కొనే ఈస్ట్ ఆ కృషి ఫలమే.

అమెరికా సంగతి

అమెరికాలో తొలినుంచీ ఇంటి బీరు ఉన్నది. జార్జి వాషింగ్టన్ 1757నాటి తన చేతిపుస్తకంలో బీరు కాసే విధానం వ్రాసుకున్నాడు. థామస్ జెఫర్సన్ ఇంట్లో ఆయన భార్య మార్తా పర్యవేక్షణలోనే బీరు కాసేవారు. అటువంటి దేశంలో 1920 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినది. దుకాణాలు మూతపడగానే జనం మళ్ళీ ఇంటి కుండ వైపు తిరిగినారు. రొట్టెల కోసమని పేరుపెట్టి డబ్బాలలో అమ్మిన మాల్టుపాకం బీరు కుండలలో చేరినది. కాని దొంగచాటుగా, తొందరలో చేసిన పని గనుక చాలావరకు నోట పెట్టలేనట్టుగా ఉండేదట. 1933 డిసెంబరులో నిషేధం ఎత్తివేసినా, ఇంట్లో ద్రాక్షసారాయికి దొరికిన మినహాయింపు బీరుకు దొరకలేదు. ఆ లోటు 45 ఏళ్ళు అట్లాగే ఉండిపోయినది. 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టరు సంతకం చేసిన చట్టంతో, 1979 ఫిబ్రవరి 1నుంచి అది తొలగిపోయినది. పెద్దవారు ఒక్కరే ఉన్న ఇంటికి సంవత్సరానికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకుమించి ఉంటే 200 గ్యాలన్లు. అమ్మరాదు. అయినా రాష్ట్రాలన్నీ ఒప్పుకొనేసరికి 2013 అయినది. చివరికి మిగిలినవి అలబామా, మిసిసిప్పి. 1984లో చార్లీ పపాజియన్ వ్రాసిన పుస్తకం అక్కడివారికి పెద్దబాలశిక్ష వంటిదైనది. కంగారుపడవద్దు, నిదానంగా చేయండి అన్నదే ఆయన బోధ.

కొత్తగా మొదలుపెట్టేవారు చేసే పని ఏమిటని తమ్ముణ్ణి అడిగితే చెప్పినాడు. ఒక కాపు అంటే 5 గ్యాలన్లు, సుమారు 19 లీటర్లు. ధాన్యం జోలికి పోకుండా సుమారు 3 కిలోల మాల్టుపాకం కొంటారు. నీటిలో కలిపి గంటసేపు మరిగిస్తూ, 30 నుంచి 60 గ్రాముల హాప్స్‌ను రెండుమూడు విడతలుగా వేస్తారు. ముందు వేసినది చేదునిస్తుంది, చివర వేసినది వాసననిస్తుంది. తరువాత గిన్నెను మంచునీటిలో పెట్టి త్వరగా చల్లార్చాలి. వేడిమీద ఈస్ట్ వేస్తే చచ్చిపోతుంది. గది వేడికి వచ్చాక ఈస్ట్ చల్లి, గాలి బయటికి పోవడమే గాని లోపలికి రాని మూత బిగించి, 20 డిగ్రీల వేడిలో సుమారు రెండు వారాలు కదపకుండా ఉంచుతారు. చివరకు సుమారు 110 గ్రాముల చక్కెర కలిపి సీసాలలో పోసి, బిరడా బిగించి మరి రెండు వారాలు ఉంచితే నురగ పుడుతుంది.

"ఇందులో కష్టమైనది ఏది?" అన్నాను. "కడగడం" అన్నాడు. మరిగించడం అయిన తరువాత బీరును తాకే ప్రతి వస్తువునూ, జాడీ, గొట్టం, సీసా, గరిటె, మొదట కడిగి, ఆ తరువాత క్రిములను చంపే మందునీటితో తడపాలట. ఒక్క దానిలో పొరపాటు జరిగినా కాపు మొత్తం పులిసిపోతుంది. వాడి తొలికాపు మరొక విధంగా చెడినది. రెండు వారాలు ఆగలేక ఆరోరోజునే సీసాలలో పోసి బిరడాలు బిగించినాడు. లోపల ఇంకా చక్కెర మిగిలి ఉన్నది. ఈస్ట్ తింటూనే ఉన్నది, వాయువు పెరుగుతూనే ఉన్నది. ఒక అర్ధరాత్రి కింది అరలో సీసాలు దీపావళి టపాకాయల్లాగా ఒక్కొక్కటే పేలినవట. ఎవరూ అక్కడ లేరు గనుక సరిపోయినది. ద్రవం సాంద్రత కొలిచే గాజుగొట్టం ఒకటి ఉంటుంది. రెండుమూడు రోజుల తేడాతో రెండుసార్లు కొలిస్తే అంకె మారకపోతేనే ఈస్ట్ పని ముగిసినట్టు. ఈ పాఠం వాడికి గాజుపెంకులు ఏరుకుంటూ వచ్చినది.

మన ఊరి హండియా

ఇంత చదివిన తరువాత మన రూర్కెలా వైపు చూడకుండా ఎట్లా ఉండగలం? వారపు సంతకు వెళ్ళే దారిలో సాలచెట్ల కింద సత్తుడేగిసాలు పెట్టుకుని కూర్చునే ఆదివాసీ స్త్రీలను మనం రోజూ చూస్తూనే ఉన్నాము. వారు అమ్మేది హండియా. మన తాతలు ఉక్కు కర్మాగారం పనులకూ, రైలు పనులకూ వచ్చిననాడు కూడా ఇక్కడ ఉన్నది. మనం ముక్కు మూసుకుని పక్కనుంచి వెళ్ళిపోయినాము గాని, అది ఎట్లా చేస్తారని మూడు తరాలలో ఎవరమూ అడగలేదు.

ఉప్పుడు బియ్యం అన్నం వండి, చాప మీద ఆరబోసి, 'రాను' అనే తెల్లటి ఉండలను పొడిచేసి కలుపుతారు. ఈ ఉండలు బియ్యపుపిండితో అడవిమూలికల వేళ్ళు నూరి చేసినవి. మట్టికుండలో పెట్టి ఆకులతో మూస్తే మూడు నాలుగు రోజులకు ఊరుతుంది. చలికాలం మరికొన్ని రోజులు. తరువాత నీరు పోసి వడకడతారు. రాను ఉండలో ఉన్నవి పిండిని చక్కెర చేసే బూజు, చక్కెరను తినే ఈస్ట్. అర్థశాస్త్రంలోని కిణ్వానికి ఇది దగ్గర చుట్టం. సంతాలులు, ముండాలు, ఒరాఁవులు పండుగనాడు దీన్ని ముందు దేవతలకూ, పితృదేవతలకూ ధారపోసి ఆ తరువాతనే తాము తాగుతారు.

తెల్లదొరల కాలంలో ఆబ్కారీ చట్టాలు వచ్చినవి. 1915నాటి బీహారు-ఒరిస్సా ఎక్సైజు చట్టం దీనికి 'పచ్వాయి' అని పేరు పెట్టినది. ఆదివాసులు సొంతానికి కాచుకోవడానికి సడలింపులిచ్చినా, ఊళ్ళలో వేలంపాటలు పాడుకున్న కంట్రాక్టర్ల సారాదుకాణాలు వెలిసినవి. బీరులో మత్తు నూటికి నాలుగైదు పాళ్ళు. బట్టీ పెట్టి దించిన సారాలో దానికి ఎన్నో రెట్లు. ఆ సారాతోపాటు అప్పు వచ్చినది, అప్పుతోపాటు భూమి పోయినది. అందుకే బిర్సా ముండా తనవారిని తాగుడు మానమన్నాడు. 1914లో ఒరాఁవులలో పుట్టిన తానా భగత్ ఉద్యమం మద్యాన్ని విడిచినది. స్వాతంత్ర్యం వచ్చాక 1970ల నడుమ కేంద్రప్రభుత్వం, ఆదివాసీ ప్రాంతాలలో బయటివారి సారాదుకాణాలు తీసివేయాలనీ, సొంతానికి ఇంట్లో కాచుకొనేదాన్ని అడ్డగించరాదనీ రాష్ట్రాలకు సూచించినది. 1996నాటి పంచాయతీల విస్తరణ చట్టం షెడ్యూల్డు ప్రాంతాలలో మత్తుపానీయాలను నిషేధించే, లేదా నియంత్రించే అధికారాన్ని గ్రామసభకు ఉద్దేశించినది. మన సుందర్‌గఢ్ జిల్లా అంతా ఆ ప్రాంతమే.

నేను ఈ మధ్య ఒకరోజు సంతదారిలో ఆగి, డేగిసా ముందు కూర్చున్న ఒక పెద్దావిడను పలకరించినాను. "మా అమ్మ పండుగకే కాచేది. పండుగతో కుండ ఖాళీ అయ్యేది. నేను రోజూ కాస్తున్నాను. మనవరాలి బడి ఫీజు దీనిమీదనే" అన్నది. కాసేపాగి, "మా ఇంట్లో మగవాళ్ళు కూడా రోజూ తాగడం నేర్చుకున్నారు బాబూ" అన్నది. కౌటిల్యుడు గుర్తించిన తేడా ఆమె రెండు మాటల్లో చెప్పినది. పండుగ కుండ దుకాణం కుండగా మారేసరికి సంపాదనా ఆమెదే, నష్టమూ ఆమెదే అయినది.

మన తెలుగుదేశంలోనూ 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ మొదలైన స్త్రీలు సారా దుకాణం మూయించినారు. రాత్రిబడులలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు రాష్ట్రాన్ని కదిపినారు. 1993 అక్టోబరునుంచి సారా అమ్మకం ఆగినది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చి, 1997లో సడలినది. వారు పోరాడినది సారాదుకాణం మీద, దానిని వేలం వేసి ఖజానా నింపుకొన్న పద్ధతి మీద. ఈ మాట మరువకూడదు. ఇంటి కుండ చరిత్ర ఎంత గొప్పదైనా, తాగుడువల్ల కూలిన ఇంటి కష్టాన్ని అది చెరపలేదు.

అమ్మతో మాట్లాడినది

ఇదంతా ఒక ఆదివారం అమ్మకు చెప్పినాను. మొదట వినిపించుకోలేదు. మా మామ్మ తరవాణికుండ సంగతి ఎత్తేసరికి చేతిలో పని ఆపినది. మామ్మ క్వార్టరులో పొయ్యికి ఎడమవైపు తరవాణికుండ ఉండేది. గంజీ, కడుగునీళ్ళూ పోసి పులియబెట్టిన ఆ తేట లేనిదే తాతగారికి చద్దన్నం దిగేది కాదు. శ్రీకాకుళంనుంచి వచ్చేటప్పుడు మామ్మ తెచ్చుకొన్న సామానులో ఆ కుండ ఒకటట. దాన్ని మైలపడనిచ్చేది కాదు, వేరెవరినీ ముట్టనిచ్చేది కాదు. "పులిసినదంతా పాడైనది కాదు, పులియబెట్టడం ఒక చెయ్యి" అనేదట. తరవాణిలో మత్తు లేదు, అది పులుపే. ఈస్ట్ కంటె పెరుగు తోడుపెట్టే జాతి జీవుల పని. కాని కుండను శుభ్రంగా ఉంచడం, సమయం చూడడం, తోడును ఒక తరంనుంచి మరొక తరానికి అందించడం, ఈ మూడూ ఒకటే విద్య.

"అయితే తాగడం మంచిదంటావా?" అన్నది అమ్మ. కాదన్నాను. చేయడం తెలిసినవాడికి కొలత తెలియాలన్నాను. ఆ సాయంత్రం అమ్మే తమ్ముడికి ఫోను చేసినది. రెండు షరతులు పెట్టినది. పండుగకూ పబ్బానికీ తప్ప కుండ ఎక్కించరాదు, పిల్లల ఎదుట గ్లాసు పట్టరాదు. వాడు ఒప్పుకొన్నాడు. మాటలైపోయాక ఫోను పెట్టేయబోతూ, "జాడీ తడి లేకుండా ఆరబెట్టి దాస్తున్నావా? మూత సందులో మడ్డి ఉంటే పురుగు పడుతుంది" అని ఒక మాట అడిగినది. అమ్మ వాడి బీరును మెచ్చినదని నేననను. జాడీ సంగతి అడిగినది, అంతే.

ఈ ఉగాదినాడు మన ఇళ్ళలో పచ్చడి కలిపేటప్పుడు, సాలచెట్ల కింద డేగిసా పెట్టుకుని కూర్చున్న ఆ ఆడపడుచును కూడా ఒకసారి తలచుకుందాం. ఆమె ముందున్నది ప్రపంచంలోని అతి పురాతనమైన వంటల్లో ఒకటి. ఆమె మనవరాలు చదువుకుని, ఆ కుండ మళ్ళీ పండుగ కుండగా మారే రోజు రావాలని కోరుకుందాం.